పదిలో మంచి మార్కులే, ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్‌లో పోయాడు. ఎక్కడ తేడా కొడుతోంది?

దేవరకొండ నాన్న

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. పత్తి వేస్తాం, కొంచెం బత్తాయి తోట ఉంది. మా పెద్దోడు సర్కారు హైస్కూల్లో పది చదివాడు. బడిలో ముందు వరుసలో ఉండేవాడు, లెక్కల్లో కూడా 80 దాటి వచ్చాయి. సార్లే ఎంపీసీ తీసుకోమన్నారు. ఇప్పుడు ఫస్టియర్ ఫలితాలు వచ్చాయి. మ్యాథ్స్ 1ఏలో 75కు 31తో గట్టెక్కాడు, 1బీలో 17 దగ్గర ఆగిపోయాడు. ఫిజిక్స్ అంతంతమాత్రం.

వాడు చదవలేదని నేను అనలేను. తెల్లారకముందే లేస్తాడు, పుస్తకం ముందు పెట్టుకొని గంటలు గంటలు కూర్చుంటాడు. నేను కళ్లారా చూశాను. ఫలితం చూసినప్పటి నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. మా బావమరిది సీఈసీకి మార్చేయమంటున్నాడు. ఊళ్లో ఇంకొకాయన అప్పు చేసైనా హైదరాబాద్ హాస్టల్లో వెయ్యి అంటున్నాడు. నేను తొమ్మిది వరకే చదివాను, వాడి పుస్తకం తెరిస్తే నాకేమీ అర్థం కాదు. కూర్చొని చదివే పిల్లవాడు ఎందుకు పోతాడు? పిల్లలకు నిజంగా పనికొచ్చేది ఏంది? తెలిసినవాళ్లు చెప్పండి.

సూర్యాపేట తమ్ముడు

అన్నా, ముందు మీరు, వాడు ఇద్దరూ టెన్షన్ పడకండి. ఫస్టియర్‌లో ఒక పేపర్ పోతే సంవత్సరం పోదు. సెకండియర్ క్లాసులకు మామూలుగానే వెళ్తాడు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, దానికి ఫీజు కట్టే ఆఖరు తేదీ మాత్రం దాటనివ్వకండి. కాలేజీలో ఇవాళే అడగండి. వాడిని ఒంటరిగా వదలకండి, మీతోపాటు తోటకు తీసుకెళ్లండి. ఈ టైంలో చుట్టాల మాటలు వాడి చెవిన పడకపోతే మంచిది.

లెక్కల సార్, నల్లగొండ

దేవరకొండ నాన్న గారూ, నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు ఇంటర్ పిల్లలు కొందరు ఇంటికి వస్తుంటారు. మీరు రాసిన మార్కుల్లోనే సగం జవాబు ఉంది.

1ఏ పేపర్లో ప్రమేయాల సిద్ధాంతాల వంటివి ఉంటాయి. అర్థమైనా కాకపోయినా చూడకుండా రాసేంతగా బట్టీ పడితే వాటికి మార్కులు వస్తాయి. కష్టపడే పిల్లవాడు అక్కడ నిలబడతాడు. 1బీ అట్లా కాదు. సరళరేఖలు, అవకలనం, స్పర్శరేఖలు, గరిష్ఠ కనిష్ఠాలు. అంకె మారిందంటే లెక్క మొదటి నుంచి చేయాల్సిందే. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో రావాల్సిన గుర్తులు, భిన్నాలు, కారణాంకాలు చేతిలో లేకపోతే ఇక్కడ బయటపడుతుంది. పదిలో ఎందుకు బయటపడలేదంటే, స్పెషల్ క్లాసుల్లో అవే మాదిరి లెక్కలు పదేపదే చేయించి, స్లిప్ టెస్టులు పెట్టి ఒడ్డుకు చేరుస్తాం. అది మేం చేసే మంచి పనే. కానీ దానివల్ల కింది తరగతుల్లో మిగిలిన ఖాళీ పూడదు, కనపడకుండా పోతుంది అంతే.

నా దగ్గరికి వచ్చిన ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. 2x + 3y = 5 అనే రేఖకు లంబంగా, ఇచ్చిన బిందువు గుండా పోయే రేఖ సమీకరణం కనుక్కోమన్నాను. వాలు మైనస్ 2/3 అని సరిగ్గా చెప్పాడు. లంబరేఖ వాలుకు తిరగేయాలని తెలుసు, మైనస్ 3/2 అని రాశాడు. తిరగేశాడు గానీ గుర్తు మార్చలేదు. అక్కడి నుంచి మిగతా లెక్కంతా పద్ధతిగా, ముత్యాల్లాంటి అక్షరాలతో చేశాడు. జవాబు తప్పు. "రెండు వాలులనూ గుణిస్తే ఎంత రావాలి?" అని అడిగితే "మైనస్ వన్" అని టక్కున చెప్పాడు. "నువ్వు రాసినవి గుణించి చూడు" అన్నాను. చూశాడు, ప్లస్ వన్ వచ్చింది. సూత్రం వచ్చు, దాంతో సరిచూసుకోవడం రాదు. ఎందుకంటే అప్పటిదాకా ఎవరూ వాడిని సరిచూసుకొమ్మని అడగలేదు.

కాబట్టి రెండు పనులు. ఒకటి, 1బీకి రీవెరిఫికేషన్ పెట్టండి. మార్కులు పెరుగుతాయని కాదు, జవాబు పత్రం స్కాన్ కాపీ వస్తుంది. 17 ఎక్కడ వచ్చాయో, మిగతావి ఎక్కడ పోయాయో కళ్లకు కనిపిస్తుంది. రెండు, ఆ పేపర్ వచ్చేలోపు ఈ లెక్కలు వాడికి ఇవ్వండి: 3/4 లోంచి 5/6 తీసివేయి. మైనస్ 7 లోంచి మైనస్ 4 తీసివేయి. x² − 5x − 6 కారణాంకాలు రాయి. (2a − 3b)² విస్తరించు. పక్కన ఎవరూ వద్దు, పుస్తకం వద్దు. రాసింది ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. వాడి పేరు మాత్రం కనపడనివ్వకండి.

మిర్యాలగూడ అమ్మ

సార్ చెప్పింది బాగుంది. నేను హాస్టల్ గురించి చెబుతాను, ఎందుకంటే అప్పు మాట వినగానే గుండె కలుక్కుమంది. మా అమ్మాయిని ఇంటర్‌లో హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో వేశాం. పొద్దున నాలుగున్నరకు లేపేవాళ్లు, రాత్రి పదకొండు దాటాకే పడుకోనిచ్చేవాళ్లు. ప్రతి వారం పరీక్ష, ప్రతి వారం ర్యాంకు, ఆ ర్యాంకును బట్టి సెక్షన్ మార్పు. నెలకోసారి ఫోన్ చేసినప్పుడు బాగానే ఉన్నానమ్మా అనేది. దసరాకు ఇంటికి వచ్చి సెలవులన్నీ నిద్రపోయింది. అన్నం తింటూ కూడా కునికేది. మేం తిరిగి పంపలేదు. ఇక్కడే చేర్పించాం, బీఎస్సీ పూర్తి చేసింది.

అందరు పిల్లలకూ అట్లా అవుతుందని అనను. వెనకబడి ఉన్న పిల్లవాడిని మాత్రం అటువంటి చోట వేయకండి. ముందున్నవాళ్ల వేగానికే పాఠం నడుస్తుంది, వెనకున్నవాడికి ఆగి చెప్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. మీ వాడు తెల్లారకముందే లేస్తున్నాడని రాశారు. ఎప్పుడు పడుకుంటున్నాడో కూడా చూడండి అన్నా.

హాలియా ఇంజినీర్

అక్కా, మీ బాధ అర్థమైంది, కానీ నేను అటువంటి హాస్టల్లోనే చదివి బాగుపడ్డవాణ్ణి. మా ఊళ్లో కరెంటు ఉండేది కాదు, ఇంట్లో ఆరుగురం, కూర్చొని రాసుకునే చోటు లేదు. హాస్టల్లో నాకు దొరికింది టైమ్‌టేబుల్, ఒక బెంచీ, డౌట్ అడిగితే చెప్పే సార్. ఆ మూడూ ఇంటి దగ్గర దొరికితే హాస్టల్ అక్కర్లేదు. దొరక్కపోతే ఏం చేయాలి? అందుకని అందరికీ వద్దనడం కూడా సరి కాదు.

సీఈసీ విషయం. వాడికి నిజంగా కామర్స్ ఇష్టమైతే మార్చండి, అందులో మంచి దారులున్నాయి. మ్యాథ్స్ పోయింది కాబట్టి మార్చడం మాత్రం వద్దు. వాడిని అడిగారా?

ఇంకో మాట, ఎంసెట్ గురించి. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు. మన తెలంగాణలో ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు కాబట్టి ర్యాంకుకు ఈ 17 అడ్డం కాదు. కానీ ఇంటర్ పాస్ కావాలి, గ్రూపు సబ్జెక్టుల్లో ఓసీ అయితే 45 శాతం, రిజర్వేషన్ ఉంటే 40 శాతం రావాలి. ఆ పరీక్షలో 160 ప్రశ్నలు, 3 గంటలు. అందులో 80 మ్యాథ్సే. ఫస్టియర్ సిలబస్ కూడా ఉంటుంది. అంటే 1బీని ఎట్లాగో పాస్ చేయించి వదిలేస్తే మళ్లీ అక్కడే ఎదురొస్తుంది.

పాలమూరు లెక్చరర్

నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతాను. నా క్లాసులో ఎక్కువమంది వాళ్ల ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లు ఎక్కినవాళ్లు. దేవరకొండ నాన్న గారు అడిగిన "కూర్చొని చదివే పిల్లవాడు ఎందుకు పోతాడు" అన్న ప్రశ్న నేను ఏటా చూస్తాను.

చదవడం అంటే మన పిల్లలకు చాలామందికి చూపు అక్షరాల మీద తిప్పడం. రెండోసారి చదివితే తెలిసినట్టే అనిపిస్తుంది, మూడోసారికి వచ్చేసింది అనుకుంటారు. అది గుర్తుపట్టడం మాత్రమే. పరీక్షలో కావాల్సింది చూడకుండా బయటికి తీయడం. దీని మీద అమెరికాలో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు చిన్న చిన్న పాఠాలు ఇచ్చారు. కొన్నిటిని రెండోసారి చదవమన్నారు, కొన్నిటిని పుస్తకం మూసి గుర్తున్నంత రాయమన్నారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినదే ముందుంది, 81 శాతం, 75 శాతం. వారం తర్వాత తిరగబడింది. మళ్లీ చదివినదాంట్లో గుర్తున్నది 42 శాతం, మూసి రాసినదాంట్లో 56 శాతం. పరీక్ష ముందు రాత్రి చదివితే వచ్చినట్టే ఉండి, కొన్నాళ్లకు అంతా పోవడానికి ఒక కారణం ఇదే.

మా పిల్లలతో నేను చేయించేది ఇంతే. పాఠం అయ్యాక ఆఖరి ఐదు నిమిషాలు నోట్సు మూయించి, ఇవాళ ఏం చెప్పానో ఒక కాగితం మీద రాయమంటాను. తెలుగులో రాసినా సరే, బొమ్మ గీసినా సరే. మార్కులు వేయను. మర్నాడు క్లాసు మొదలయ్యేది ఎక్కువమంది రాయలేకపోయిన దగ్గర నుంచి. మొదట్లో చాలామంది తెల్లకాగితం ఇస్తారు. వాళ్లను నిలబెట్టి అడగకూడదు. అడిగితే రెండో రోజు నుంచి రారు.

అన్నట్టు, రాకపోవడం అసలు జబ్బు. 75 శాతం హాజరు రూలు స్కాలర్‌షిప్ కోసం, హాల్‌టికెట్ కోసం అనుకుంటారు. లెక్కల క్లాసు రెండు రోజులు పోతే మూడో రోజు బోర్డు మీద ఏముందో తెలియదు. తెలియలేదని అడగడానికి సిగ్గు. ఆ సిగ్గుతో నాలుగో రోజు కూడా రాడు. మీ వాడు ఫస్టియర్‌లో ఎన్ని రోజులు మానేశాడో కాలేజీలో కనుక్కోండి, ముఖ్యంగా పత్తి ఏరే నెలల్లో.

అచ్చంపేట చెల్లె

సార్ చెప్పిన సిగ్గు నిజం. నేను ఇప్పుడు డిగ్రీ సెకండియర్. పది దాకా కస్తూర్బాలో, అంటే ఆడపిల్లల సర్కారు హాస్టల్ బడిలో ఉన్నాను. అమ్మానాన్న పుణె వైపు పనికి పోయేవాళ్లు, ఏడాదిలో సగం నాయనమ్మ దగ్గరే. కస్తూర్బాలో అన్నం, బట్టలు, పుస్తకాలు అన్నీ అక్కడే కాబట్టి చదువు ఆగలేదు. లేకపోతే నేను కూడా వాళ్లతో పోయేదాన్ని, మా ఊళ్లో నా ఈడు పిల్లలు పోయినట్టు.

ఇంటర్‌కు బయట కాలేజీలో చేరితే మొదటి ఆరు నెలలు ఇంగ్లిష్‌లో సార్ ఏం చెబుతున్నారో నాకు తెలియలేదు. సర్కారు బడుల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉంటాయి కదా, ఇంటర్‌లో ఆ పక్క పేజీ ఉండదు. మా మేడమ్ ఒకామె తెలుగు అకాడమీ వాళ్ల తెలుగు మీడియం పుస్తకం కూడా కొనుక్కోమన్నారు. అదే పాఠం ముందు తెలుగులో చదివి, తర్వాత ఇంగ్లిష్ పుస్తకం తెరిచేదాన్ని. అప్పుడు పాఠం తలకెక్కింది. పరీక్ష మాత్రం ఇంగ్లిష్‌లోనే రాశాను. మీ అబ్బాయికి ఆ పుస్తకం ఇప్పించండి అన్నా, పాతది దొరికినా పర్వాలేదు, సీనియర్ల దగ్గర ఉంటుంది.

బస్సు సంగతి కూడా రాయాలి. ఇప్పుడు ఆడపిల్లలకు ఆర్టీసీ ఫ్రీ, దానివల్ల మా ఊరి నుంచి ఇంకా కొందరు కాలేజీకి వస్తున్నారు. కానీ సాయంత్రం బస్సు ఒక్కటే. స్పెషల్ క్లాసు ఉంటే ఆ బస్సు పోతుంది. అందుకే మేం ఉండలేకపోయేవాళ్లం, సార్లేమో శ్రద్ధ లేదనుకునేవాళ్లు. ఆ క్లాసును పొద్దున పెట్టినప్పుడు అందరం వచ్చాం.

సూర్యాపేట తమ్ముడు

ఫోన్ గురించి ఎవరూ రాయలేదే? నాకైతే అసలు దొంగ అదే అనిపిస్తుంది.

హాలియా ఇంజినీర్

తమ్ముడూ, నిజమే, కానీ మొత్తం గుంజుకుంటే సర్కారు చదువుల ఛానల్ టీశాట్ పాఠాలు కూడా పోతాయి. చదివేటప్పుడు ఫోన్ పక్క గదిలో ఉండాలి, లేదా అమ్మ దగ్గర ఉండాలి. చేతికి అందేంత దూరంలో సైలెంట్‌లో పెట్టుకున్నా మనసు దాని మీదే ఉంటుంది. వీడియో చూస్తూ లెక్క వచ్చిందనుకోవడం ఇంకో మోసం. వీడియో ఆపి, అదే లెక్క కాగితం మీద చేస్తేనే వచ్చినట్టు.

కల్వకుర్తి టీచరమ్మ

అందరూ ఇంటర్ గురించి రాస్తున్నారు. నేను ఆరు, ఏడు తరగతుల పిల్లలతో ఉంటాను, కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను. ఆరో తరగతిలో చేరే పిల్లల్లో భాగహారం రానివాళ్లు ఏటా కనిపిస్తారు. వాళ్లు మొద్దులు కాదు. దసరా సెలవులు అయ్యాక పత్తి తీయడానికి ఇంట్లో ఆగిపోతారు, లేదా అమ్మానాన్నతో వలస పోయి ఎండాకాలంలో తిరిగి వస్తారు. ఆ నెలల్లో చెప్పిన పాఠం వాళ్లకు ఎప్పటికీ రాదు, తరగతి మాత్రం పెరుగుతూ పోతుంది. మా దగ్గర వలస పోయేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టల్ నడిచిన ఊళ్లలో ఈ తేడా బాగా తగ్గడం నేను చూశాను. పిల్లవాడు ఊళ్లో ఉంటే చాలు, మిగతాది మేం చూసుకోగలం.

చిన్న తరగతుల పిల్లలున్న తల్లిదండ్రులకు ఇంకో సంగతి. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకు, ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకపోతే అర్హత. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. పత్తి నెలల్లో పిల్లవాడిని ఇంట్లో ఆపకుండా ఉండడానికి ఆ డబ్బు చాలా ఇళ్లలో సరిపోతుంది.

దేవరకొండ నాన్న గారూ, పుస్తకం తెరిస్తే అర్థం కాదన్నారు. అర్థం కానక్కర్లేదు. రాత్రి అన్నాలప్పుడు "ఇవాళ ఏం చెప్పారురా, నాకు అర్థమయ్యేటట్టు చెప్పు" అనండి. వాడు చెబుతుంటే ఎక్కడ నసుగుతాడో అక్కడ రాలేదని మీకంటే ముందు వాడికే తెలుస్తుంది. నాకు తెలిసి మంచి స్థితికి వచ్చిన పిల్లల ఇళ్లలో చదువుకున్న తండ్రి ఉన్నది తక్కువ. రోజూ అడిగే మనిషి ఒకరు ఉన్నారు. నాయనమ్మ కావచ్చు, అక్క కావచ్చు.

పాలమూరు లెక్చరర్

టీచరమ్మ గారి మాటకు ఒకటి కలుపుతాను. గురుకులాలు మన దగ్గర ఎందుకు ఫలించాయంటే అక్కడ రోజూ అడిగే మనిషి ఉంటారు. 1971లో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లోనే. పిల్లవాడు, పంతులు ఒకే ఆవరణలో ఉంటే సాయంత్రం డౌట్ సాయంత్రమే తీరుతుంది. ఇంటి నుంచి వచ్చే పిల్లలకు అది లేదు. కాలేజీలు సాయంత్రం ఒక గంట గది తెరిచిపెట్టి, ఒక లెక్చరర్‌ను కూర్చోబెట్టినా చాలు. అచ్చంపేట చెల్లె చెప్పినట్టు బస్సు టైము చూసి పెట్టాలి.

దేవరకొండ నాన్న

అందరికీ పేరుపేరునా దండాలు. ఆలస్యంగా రాస్తున్నాను, పేపర్ వచ్చేదాకా ఆగాను.

సార్ ఇచ్చిన లెక్కల్లో భిన్నాలు తప్పు చేశాడు, మైనస్‌లు రెండుచోట్ల తప్పాయి. (2a − 3b)² ను 4a² − 9b² అని రాశాడు. ఫొటో పెట్టాను. 1బీ స్కాన్ కాపీ కూడా వచ్చింది. మా పక్క ఊరి సార్‌కు చూపిస్తే, రెండు మార్కుల ప్రశ్నల్లో సగం వదిలేశాడని, ఏడు మార్కులవి నాలుగు మొదలుపెట్టి నాలుగూ మధ్యలో తప్పాడని చెప్పారు.

సీఈసీ సంగతి వాడినే అడిగాను. "నాకు లెక్కలంటే ఇష్టమే నాన్నా, ఎక్కడ తప్పు పోతుందో తెలియక భయం" అన్నాడు. అప్పు, హాస్టల్ మాట పక్కన పెట్టాం. కాలేజీలో హాజరు అడిగితే నవంబర్, డిసెంబర్ నెలల్లో చాలా రోజులు లేడు. పత్తికి కూలీలు దొరకలేదు, వాడే వచ్చాడు. ఈసారి పత్తి తగ్గించి కంది వేద్దామనుకుంటున్నాం. తెలుగు అకాడమీ పుస్తకం నల్లగొండలో దొరికింది. రాత్రి పది గంటలకు పడుకోమన్నాం, ఫోన్ వాళ్లమ్మ దగ్గర ఉంటుంది. నిన్న రాత్రి అన్నం తింటూ స్పర్శరేఖ అంటే ఏందో ఎడ్లబండి చక్రం, దారి చూపించి నాకు చెప్పాడు. నాకు అర్థమైంది.

సప్లిమెంటరీకి టైము తక్కువ. ఏ క్రమంలో చదివించాలో సార్ చెబితే అట్లే చేస్తాం.

లెక్కల సార్, నల్లగొండ

చక్రం మీద స్పర్శరేఖ చెప్పినవాడు 1బీ పాస్ అవుతాడు. ఫొటో చూశాను. క్రమం ఇది.

మొదటి వారం 1బీ ముట్టుకోవద్దు. ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాలు తమ్ముడివో చెల్లిదో ఉంటే తీయండి. గుర్తులు, భిన్నాలు, సర్వసమీకరణాలు, కారణాంకాలు. రోజుకు ఓ ఇరవై లెక్కలు, ప్రతి జవాబునూ అంకెలు పెట్టి సరిచూసుకోవాలి. (2a − 3b)² కు a = 1, b = 1 పెట్టి చూడమనండి. రెండు లోంచి మూడు పోతే మైనస్ 1, దాని వర్గం 1. వాడు రాసిన 4a² − 9b² లో పెడితే మైనస్ 5. తప్పు వాడికే కనిపిస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత రెండు మార్కుల ప్రశ్నలు. పేపర్లో పది, పదీ రాయాలి, 20 మార్కులు. పాస్‌కు కావాల్సింది 26. కాబట్టి ముందు అవి. తర్వాత నాలుగు మార్కుల్లో బిందుపథం, అక్షాల పరివర్తన, సరళరేఖలు. ఏడు మార్కులవి సరళరేఖాయుగ్మం, దిక్‌కొసైన్లు, స్పర్శరేఖలు చాలు. మిగతావి సెకండియర్ మొదలయ్యాక నిదానంగా పూర్తి చేద్దాం, వాటిని వదలనివ్వను. పాత పేపర్ ఒకటి మూడు రోజులకోసారి గడియారం పెట్టి రాయించండి.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి దేవరకొండ నుంచి బస్సుంటే నల్లగొండ పంపండి. ఇంకో ఇద్దరు పిల్లలు వస్తారు, వాళ్లకు కూడా 1బీ ఉంది. స్కాన్ కాపీ, తెల్లకాగితాలు తెచ్చుకోమనండి. అడ్రస్ మీకు మెసేజ్ పెడతాను.